ఇవాళ్టి మంచిమాట

హాస్టల్ గది,
ఆదివారం

ప్రియమైన వదినకి,

నీ ఆడపడుచు ఇప్పుడు లైన్ లీడర్. నమ్మకపోతే ఈ ముక్క మళ్ళీ చదువుకో. నువ్వు నిలబడ్డ చోటే, నువ్వు పెట్టుకున్న ఆ పసుపు టోపీయే. ఎన్నిసార్లు ఉతికినా దానికి నీ తలనూనె వాసన పోవడం లేదు. "దీని నోటికి ఉద్యోగం ఎవడిస్తాడు" అని అన్నయ్య ఎగతాళి చేసేవాడుగా, ఆ నోరు చూసే ఇచ్చారని చెప్పు.

ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. ఫోన్ చేస్తే అన్నయ్య పక్కనే చెవులు రిక్కించి కూర్చుంటాడు. ఇలా అయితే మనిద్దరం కడుపునిండా మాట్లాడుకోవచ్చు.

లీడర్‌ని చేసేముందు ట్రైనింగ్‌కి పంపారు వదినా. పెద్ద హాలు, ప్రతి కుర్చీ ముందూ నీళ్ళ సీసా, పైన ఏసీ. రోజంతా గడ్డకట్టిన చేపల మధ్య బతికేదాన్ని తీసుకెళ్ళి ఏసీలో కూర్చోబెట్టారు చూడు! పాఠం చెప్పినాయన మాత్రం మహా మాటకారి. నాయకత్వం అంటే పెత్తనం కాదట, మన వైఖరి అట. మన నోట ఏం వస్తే మన చుట్టూ అదే తయారవుతుందట. నన్ను లేపి "మీ షిఫ్టు ఎలా మొదలవుతుంది?" అని అడిగాడు. నేను గర్వంగా మన తేడాల సంగతి చెప్పాను. పని మొదలుపెట్టేముందు అందరం గుండ్రంగా నిలబడతామనీ, తలా ఒక తేడా చెప్పాలనీ, నేల జారుతోందనో, కత్తి పిడి వదులైందనో, ఏదో ఒకటి చెప్పేదాకా మా వదిన కదలనిచ్చేది కాదనీ. హాలంతా గొల్లుమంది. "అంటే పొద్దున్నే అందరికీ తలా ఒక చుక్క విషం పోసి పనికి పంపిస్తారన్నమాట" అన్నాడాయన. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

అందుకే నువ్వు కోప్పడనంటే ఒక మాట చెబుతాను. తేడాలు ఆపేశాను. ఇప్పుడు తలా ఒక మంచిమాట చెబుతాం. షిఫ్టు అయ్యాక తూకం బల్ల దగ్గర నిలబడి, పాట పెట్టుకుని, ఒకరికొకరం చప్పట్లు కొట్టుకుంటాం. మొదట్లో అందరూ సిగ్గుపడి చచ్చారు. ఇప్పుడైతే షెడ్డు రేకులు లేచిపోతున్నాయి. నువ్వు చేర్పించిన పొడుగుపిల్ల ఉందే, పై అరలకి చెయ్యి అందేది దానికొక్కదానికే కదా, చప్పట్లలో కూడా దాని చేతులే అందరికన్నా పైన. మన లైన్‌లో పెద్దావిడ, ఆ సణుగులమ్మ ఒక్కతే ముఖం మాడ్చుకుని నిలబడుతోంది. ఆవిడని కూడా దారికి తెస్తాను చూడు.

నీ చేతివేళ్ళు ఎలా ఉన్నాయి?

నీ ఆడపడుచు


కొత్త ఇల్లు, వంటగది బల్ల,
గురువారం

మహారాజశ్రీ లైన్ లీడర్, మా ఆడపడుచు గారి సముఖమునకు,

తమరి ఉత్తరం అందింది. మీ అన్నయ్య రెండుసార్లు చదివి, పైకి "హు" అన్నాడు గానీ సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. మాకు సంతోషమే. ఇక్కడ నాకు తోచక చస్తున్నాను. ఈ ఊళ్ళో మీ అన్నయ్య లారీ దుమ్ము తప్ప తుడవడానికి ఏమీ లేదు.

టోపీ వాసన గురించి తమరు ఫిర్యాదు చేశారు. నా నూనె ఖరీదైనది, అలాగే పెట్టుకో.

తేడాలు ఆపేశావంటే నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఇప్పుడు లీడర్‌వి నువ్వు. కాలుమీద కాలేసుకుని దూరాన్నుంచి పెత్తనం చేసే ముసలిదాన్ని అనిపించుకోవడం నాకిష్టం లేదు. పైగా మీ అన్నయ్య "పిల్ల ఉత్సాహం మీద నీళ్ళు పొయ్యకు" అని నా తల మీద నిలబడ్డాడు. అందుకని ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. నా వేళ్ళు రెండూ ఎందుకు మొద్దుబారిపోయాయో నీకెప్పుడూ చెప్పలేదు. నా గ్లౌజు చిరిగిందని నా పక్క మనిషి పొద్దుటే చూసింది. కొత్తగా చేరిన మనిషి, పెద్దదాన్ని నన్ను తప్పుపట్టినట్టు ఉంటుందని మొహమాటపడి ఊరుకుంది. నాకు తెలిసేసరికి వేళ్ళు తెల్లబడిపోయాయి. అప్పుడు మొదలుపెట్టాను తేడాలు. ఆ గుండ్రంలో నిలబడి చెబితే ఎవరూ ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు. అందరూ చెబుతారు కాబట్టి.

సరే, మంచిమాటలు కూడా మంచివే. సణుగులమ్మని మరీ ఏడిపించకు.

నీ వదిన


హాస్టల్ గది,
మంగళవారం

వదినా,

నీ వేళ్ళ సంగతి చదివి బాధపడ్డాను, నిజం. కానీ ఒకటి చెప్పనా? అప్పటి రోజులు వేరు. ఇప్పుడు గ్లౌజులు కొత్తవి ఇస్తున్నారు. ఎప్పుడో జరిగినదాన్ని పట్టుకుని రోజూ భయపడుతూ ఉంటే మనిషి ఎదగదు. ఇది నా మాట కాదులే, ట్రైనింగ్ ఆయనది. అయినా నాకు నచ్చింది.

ఇప్పుడు అసలు కబురు. సణుగులమ్మ మారిపోయింది! నవ్వకు, నిజంగానే. ఇన్నాళ్ళూ తన వంతు వచ్చేసరికి "ఏం లేదు" అని గొణిగి ఊరుకునేది. నిన్న పొద్దున నేనూ పట్టు వదల్లేదు. "మంచిమాట చెప్పేదాకా ఎవ్వరం కదలం" అన్నాను, అచ్చం నీలాగే. అందరూ చూస్తున్నారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గడ్డకట్టే గదికి లోపలి పిడి ఇంకా చేతికి ఊడి రాలేదమ్మా. అదే ఇవాళ్టి మంచిమాట" అంది. ఒక్కసారిగా అందరం పడీపడీ నవ్వాం. పొడుగుపిల్లకైతే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నేను ఆవిడ భుజం తట్టి "చూశారా, ఈవిడ కూడా నేర్చుకుంది, చప్పట్లు కొట్టండి" అన్నాను. కొట్టారు. ఆవిడ మాత్రం నవ్వలేదు, బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది. సిగ్గు కాబోలు.

మేనేజర్ గారు మా లైన్‌ని అందరిముందూ మెచ్చుకున్నారు. గోడమీద నా ఫొటో పెడతారట. చీర ఏ రంగుది కట్టుకోను?

నీ ఆడపడుచు


వంటగది బల్ల,
శుక్రవారం

ఏమే,

చీర సంగతి తర్వాత. ముందు ఆ పిడి చూడు. ఆవిడ జోకు వెయ్యలేదు. ఆవిడ నోట జోకు వచ్చిందని నేను ఇన్నేళ్ళలో వినలేదు. నువ్వు తేడా చెప్పనివ్వకపోతే, నువ్వు పెట్టిన రూలులోనే ఇరికించి చెప్పింది. ఆ గదిలో సాయానికి పిలిచే గంట మోగదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. తలుపు దానంతట అదే మూసుకుపోతుంది. లోపలున్న మనిషికి ఆ పిడి తప్ప ఇంకో దిక్కు లేదు.

ఇది అందగానే మెకానిక్‌ని తీసుకెళ్ళు. అప్పటిదాకా లోపలికి ఎవరు వెళ్ళినా తలుపుకి పెట్టె అడ్డం పెట్టించు. మీ అన్నయ్య చేత నీ హాస్టల్‌కీ, ఆఫీసుకీ ఫోన్ చేయిస్తున్నాను, ఎవరూ ఎత్తడం లేదు. ఇంకేమీ రాయను, పోస్టు పోయే వేళయింది.

వదిన


హాస్టల్ గది

వదినకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పొడుగుపిల్ల అంతకు ముందురోజే పోయింది.

షిఫ్టు చివర్లో మిగిలిన ట్రేలు పై అరలో పెట్టడానికి గడ్డకట్టే గదిలోకి వెళ్ళింది. పిడి ఊడిపోయింది. బయట ఎవరూ చూసుకోలేదు. ముందే వెళ్ళిపోయిందనుకున్నాం. అప్పుడప్పుడు మా హాస్టల్లో పడుకునేది కదా, వాళ్ళమ్మ ఆ రోజూ ఇక్కడే ఉందనుకుంది. పొద్దున షిఫ్టువాళ్ళు తలుపు తీశారు. తలుపు పక్కనే కూర్చుని ఉంది.

వాళ్ళమ్మ మిషను కుట్టుకుని బతికే మనిషి. ఎవరో చుట్టుకొలత ఇచ్చి వెళ్ళారట, మేం వెళ్ళేసరికి మెడలో టేపు అలాగే ఉంది. మేనేజర్ గారు ఆవిడతో, చలికి మొదట మగతగా ఉంటుందనీ, హాయిగా నిద్రపట్టేస్తుందనీ, నొప్పేమీ తెలియదనీ చెప్పారు. ఆవిడ ఆ మాటే పట్టుకుంది. వచ్చినవాళ్ళందరికీ "నిద్రలో పోయిందట నా పిల్ల" అని చెబుతోంది.

బయటి నుంచి అధికారి వచ్చి విచారణ చేస్తారట. పిడి వదులైందని సణుగులమ్మకి ముందే తెలుసనీ, తెలిసి కూడా పై వాళ్ళకి చెప్పలేదనీ ఆఫీసు వాళ్ళు అంటున్నారు. ఆవిడని పనిలోకి రానివ్వడం లేదు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నిజమే కదా వదినా, తిన్నగా చెప్పొచ్చు కదా ఆవిడ? అంత ముఖ్యమైన మాటని వంకరగా చెబితే ఎవరికి అర్థమవుతుంది?

ఆడపడుచు


కొత్త ఇల్లు

లైన్ లీడర్ గారికి,

మీ ఉత్తరం అందింది.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నేనే తీసుకొచ్చి ఆ షెడ్డులో నిలబెట్టాను. "పై అరలకి నిచ్చెన అక్కర్లేదు" అని వాళ్ళమ్మ ముందు నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు ఆ తల్లికి ఏ ముఖం పెట్టుకుని కనిపించను?

ఆవిడ తిన్నగా ఎందుకు చెప్పలేదని నన్ను అడుగుతున్నారు. తిన్నగా చెప్పే చోటు మీరే కదండీ మూసేసింది. అయినా చెప్పింది. మీరు భుజం తట్టి చప్పట్లు కొట్టించారు. ఆ సంగతి మీ చేత్తోనే నాకు రాశారు, ఉత్తరం నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరికీ చూపించను. చూపించాల్సిన అవసరం మీరు రానివ్వకూడదు. వయసుడిగిన మనిషి నెత్తిన ఒక చావు పెట్టి మీరు గోడమీద ఫొటో పెట్టించుకుంటే, మా గుమ్మం తొక్కకండి. మీ అన్నయ్య కూడా ఇదే మాట అన్నాడు, కాకపోతే అనేటప్పుడు గోడవైపు తిరిగి అన్నాడు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


హాస్టల్ గది

వదినా,

నువ్వు నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా అను. "అండీ" అనకు. ఆ ఒక్కటీ నావల్ల కాదు.

నీకు మొత్తం రాయలేదు. రాస్తే నిజమైపోతుందేమోనని భయం. ఇప్పుడు రాస్తాను, అన్నయ్యకి చూపించకు.

ఆ రోజు షిఫ్టు అయిపోయింది. అందరం తూకం బల్ల దగ్గర చేరాం, పాట పెట్టాం, చప్పట్లు మొదలుపెట్టాం. అప్పుడు గడ్డకట్టే గది తలుపు మీద దబదబా చప్పుడు వినిపించింది. పాటకి సరిగ్గా సరిపోయింది వదినా ఆ చప్పుడు. నేనే నవ్వుతూ గట్టిగా అన్నాను: "అదిగో, పొడుగుపిల్ల కూడా లోపల్నుంచి చప్పట్లు కొడుతోంది!" అందరూ నవ్వారు. ఇంకా గట్టిగా కొట్టారు. అదీ ఇంకా గట్టిగా కొట్టింది. సణుగులమ్మ తలుపువైపు రెండడుగులు వేసి నావైపు చూసింది. "వదిలెయ్యండి, వస్తుందిలే. మీకు ప్రతిదాంట్లో తేడాయేనా" అన్నాను. ఆవిడ ఆగిపోయింది. పాట అయిపోయింది, లైట్లు ఆపి వచ్చేశాం. అప్పటికి చప్పుడు ఉందో లేదో నాకు గుర్తులేదు. గుర్తులేదని ఎందుకు రాస్తున్నాను, ఉంది.

ట్రైనింగ్ ఆయన నిన్న ఫోన్ చేశాడు. కష్టకాలంలో టీమ్‌ని ఎలా నిలబెట్టుకున్నానో వచ్చే బ్యాచ్‌కి చెప్పాలట. మధ్యలోనే ఫోన్ పెట్టేశాను.

విచారణలో నేను నోరు విప్పితే సణుగులమ్మ బయటపడుతుంది. కానీ విచారణ గదిలో పొడుగుపిల్ల వాళ్ళమ్మ కూడా కూర్చుంటుంది. నిద్రలో పోయిందన్న మాట మీదే ఆవిడ ఇంత అన్నం తింటోంది. దాన్ని కూడా లాగేసుకోనా? నాకేం చెయ్యాలో తెలియడం లేదు. ఉద్యోగం గురించి కాదు, ఒట్టు.

నీ ఆడపడుచు


వంటగది బల్ల,
బుధవారం

పిల్లా,

నీ ఉత్తరం చదివి స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను. మీ అన్నయ్య తలుపు తట్టాడు. ఆ తట్టిన చప్పుడుకి నా ప్రాణం పోయినంత పనైంది. ఏమైందని అడిగితే జలుబన్నాను.

నిన్ను ఓదార్చడం నాకు చేతకావడం లేదు, ఇప్పట్లో చేతకాదు కూడా. అలాగని నిన్ను ఒక్కదాన్నే నిలబెట్టి రాళ్ళు వెయ్యను. తేడాలు ఆపేశానని నువ్వు రాసినప్పుడు నా గుండెల్లో రాయి పడింది. అప్పుడే బస్సెక్కి వచ్చి నీ జుట్టు పట్టుకోవాల్సింది. పిల్ల మనసు నొచ్చుకుంటుందని చిలకపలుకులు రాసి ఊరుకున్నాను. నా గ్లౌజు చూసి నోరు మూసుకున్న మనిషికీ నాకూ తేడా ఏముంది చెప్పు.

రాత్రంతా ఆలోచించి నాకు తోచింది ఇది. పిడి సంగతి మొత్తం చెప్పు. ఆవిడ అందరిముందూ చెప్పిందనీ, నువ్వు నవ్వులాటగా తీసుకున్నావనీ చెప్పు. సణుగులమ్మని విడిపించడానికి అది చాలు. తలుపు చప్పుడు సంగతి అడగకపోతే ఎత్తకు. ఆ తల్లికి ఆ నిద్ర అలాగే వదిలెయ్. అది అబద్ధమే, నాకు తెలుసు. పాపమేదైనా ఉంటే నాకూ సగం రాసుకో.

నేను వచ్చి నీ పక్కన కూర్చుంటానంటే, "నాయకురాలి వెనక వదిన ఉండి మాట్లాడించిందంటారు, వద్దు" అన్నాడు మీ అన్నయ్య. అదీ నిజమే అనిపించింది. అన్నం తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో నీకు కళ్ళు తిరుగుతాయి.

వదిన


హాస్టల్ గది ఖాళీ చేస్తూ,
శనివారం

వదినా,

అయిపోయింది. మంచాల మీద పరుపులు చుట్టేశారు, పెట్టె మీద పెట్టుకుని రాస్తున్నాను.

ఆఫీసు పైగదిలో పెట్టారు విచారణ. పొడవాటి బల్ల, అవతల అధికారి, మేనేజర్. ఇవతల మేం. సణుగులమ్మ ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళికి పిలవకుండా వచ్చినదానిలా కుర్చీ అంచున కూర్చుంది. పొడుగుపిల్ల వాళ్ళమ్మ నా ఎదురుగానే.

నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఆవిడ పొద్దున్నే అందరిముందూ పిడి సంగతి చెప్పిందని, నేను మంచిమాట కింద జమకట్టి చప్పట్లు కొట్టించానని. మేనేజర్ "ఆవేశంలో ఉంది, మళ్ళీ ఆలోచించుకుని చెప్పనివ్వండి" అన్నాడు. "ఇంతకన్నా ఆలోచించడానికి నా దగ్గర బుర్ర లేదండీ" అన్నాను. అధికారి రాసుకున్నాడు. సణుగులమ్మని పనిలోకి తీసుకోమన్నారు. నన్ను తీసేశారు. మిగతావి తర్వాత తేలుస్తారట, నా మీద కేసు కూడా ఉండొచ్చట. టోపీ అక్కడే బల్ల మీద పెట్టేశాను.

అంతటితో లేవబోతున్నారు. అప్పుడు వాళ్ళమ్మ నోరు తెరిచింది. అధికారిని కాదు, మమ్మల్నిద్దర్నీ చూసి అడిగింది: "నా పిల్లకి స్నానం చేయించినప్పుడు చూశాను. చేతులు కమిలిపోయి ఉన్నాయి. తలుపు కొట్టిందా అమ్మా?"

సణుగులమ్మే ముందు మాట్లాడింది. పుట్టి బుద్ధెరిగాక మంచిమాటంటే తెలియని మనిషి, ఎంత నెమ్మదిగా అందో వదినా. "లేదు తల్లీ, ట్రేలు మోసిన చేతులు అలాగే ఉంటాయి. ఏ చప్పుడూ లేదు. పడుకునిపోయింది" అంది. అని బల్లకింద నా చెయ్యి పట్టుకుంది, నొప్పెట్టేంత గట్టిగా.

నేను ఊరుకుంటే సరిపోయేది. నువ్వు చెప్పిందీ అదే, ఆవిడ చెయ్యి చెప్పిందీ అదే. కానీ ఆ తల్లి సణుగులమ్మ ముఖం చూడలేదు. నా ముఖమే చూస్తోంది. తెలిసే అడుగుతోంది వదినా. కూతురి చేతులు చూసిన మనిషికి ఇంకో అబద్ధం ఎలా చెప్పను? మళ్ళీ ఒక మంచిమాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"కొట్టింది. మేం విన్నాం. చప్పట్లనుకున్నాం" అన్నాను.

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. తర్వాత, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు, "మీరు బయట ఉన్నారనే కదమ్మా కొట్టింది" అంది.

అవునన్నాను.

నీ ఆడపడుచు